సాగరంలో సగరులు

ఏటా జులై 11న తెలంగాణ నీటిపారుదల ఆఫీసుల్లో ఒక పటానికి దండ వేస్తారు. పటంలో ఉన్నాయన నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్. 2014 నుంచి ఆయన పుట్టినరోజే మనకు ఇంజనీర్ల దినోత్సవం. గద్వాలైనా, వనపర్తైనా, నాగర్‌కర్నూలైనా, మన మూడు జిల్లాల్లో ఆ పూట తంతు ఒకటే: దీపం, దండ, నాలుగు ఉపన్యాసాలు, సమోసా, చాయ్. వెనకాల ఫ్లెక్సీ. ఆయన పేరు పక్కన మామూలుగా పడే బిరుదు ‘నిజాంసాగర్ రూపశిల్పి’. ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించి. అసలు చర్చ మొదటి దాని మీద. రెండో దాని సంగతి ముందే తేల్చేస్తాను.

శిల్పం అంటే సంస్కృతంలో చేతిపని. నేసేవాళ్ళు, పోత పోసేవాళ్ళు, నగ చేసేవాళ్ళు, రాయి చెక్కేవాళ్ళు, అందరూ శిల్పులే. తెలుగులో ఆ మాట మెల్లగా రాతికి అంటుకుపోయింది. ‘రూపశిల్పి’ మాత్రం నిన్నమొన్నటిది. ఆర్కిటెక్ట్ అనే ఇంగ్లీషు మాటకు సాటి కావాలని పత్రికలవాళ్ళు కుట్టించుకున్నది. రాజ్యాంగానికి రూపశిల్పి, ఆర్థిక సంస్కరణలకు రూపశిల్పి, ఆఖరికి ఎన్నికల్లో గెలుపుకు కూడా రూపశిల్పి ఉంటున్నాడు. తమాషా ఏమిటంటే ఉలి పట్టినవాణ్ణి మాత్రం ఎవరూ రూపశిల్పి అనరు. గీత గీసినవాళ్ళకో, ఆలోచన చెప్పినవాళ్ళకో, బల్ల వెనక కూర్చుని పని నడిపించినవాళ్ళకో ఆ గౌరవం. చేతిపనికి పుట్టిన మాట చెయ్యి మాయని చోటికి చేరింది.

అలీ నవాజ్ జంగ్‌కు ఆ గౌరవం ఎక్కువని నేననడం లేదు. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాదులో పుట్టారు. ఇంగ్లండులో కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగు చదివి వచ్చి, 1918లో నిజాం రాజ్యానికి చీఫ్ ఇంజనీరయ్యారు. 1908 మూసీ వరద తరవాత విశ్వేశ్వరయ్య సలహా మీద తలపెట్టిన రెండు జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో ముగిసింది. కాంగ్రెసు 1938లో వేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షులు ఈయనే. మన మూడు జిల్లాల మనిషి కారు. అయినా తుంగభద్ర నీళ్ళ కోసం మద్రాసుతో హైదరాబాదు సాగించిన బేరాల్లో ఆయన మాట ఉంది. 1944లో కుదిరిన ఆ ఒప్పందం వెనకాలే రాజోలిబండ ఆనకట్ట పని వచ్చింది. గద్వాల, అలంపూర్ వైపు 87,500 ఎకరాలకు నీళ్ళిస్తామని రాసుకున్న కాలువ అది. ఆ కాలువ కాగితం మీదే ఎక్కువ పారిందని చివరి ఆయకట్టు రైతుల ఉక్రోషం. ఆ లెక్క ఇక్కడ తేలేది కాదు.

ఇక మొదటి మాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నిజాంసాగర్. మూడింటి ముందూ రాజు, రాజు కొడుకు, రాజవంశం. మూడింటి వెనకా ‘సాగర్’. ముందు భాగాన్ని అందరం చదువుతాం. వెనక భాగాన్ని అలవాటుగా మింగేస్తాం. పేరు తాళంచెవి అక్కడే ఉంది.

సాగరం సగరుడి నుంచి వచ్చిందని మన పురాణాలూ, వ్యాకరణమూ ఒకే మాటగా చెబుతాయి. సగరుడు ఇక్ష్వాకుల రాజు. సవతితల్లి పెట్టించిన విషంతోనే పుట్టాడు కనుక స-గరుడు. గరళంలోని గరమే అది. ఆయన అశ్వమేధ గుర్రం కనబడకుండా పోతే కొడుకులు అరవై వేల మంది భూమిని తవ్వుతూ పోయారు. అలా తవ్విన గుంత సముద్రమైంది. సగరులకు సంబంధించినది సాగరం. రఘువు నుంచి రాఘవుడు, కురువు నుంచి కౌరవులు, మనువు నుంచి మానవులు వచ్చిన దారిలోనే, మొదటి అక్షరం సాగి, సగర సాగర అయింది. కొడుక్కి తండ్రి పేరు కలిపే పద్ధతితోనే, నీళ్ళకు తవ్వినవాళ్ళ పేరు కలిపారన్నమాట.

నిజానికి ఇది తిరగబడిన కథ కావచ్చు. సాగరం అనే మాట ముందే ఉండి, దాన్ని విప్పి చెప్పడానికి సగరుడి కథ తరవాత అల్లి ఉండవచ్చు. నిరుక్తాలలో అలాంటివి కొల్లలు. నాకు మాత్రం అప్పుడు ఆ కథ మరింత విలువైనదిగా కనిపిస్తుంది. ఇంత పెద్ద నీటికి పేరెందుకు వచ్చిందని ఎవరో అడిగితే, జవాబు చెప్పినవాళ్ళకు దేవుడు గుర్తుకు రాలేదు, వరం గుర్తుకు రాలేదు. తవ్వకం గుర్తుకొచ్చింది.

ఆ కథలోనే ఇంకో చేదు ఉంది. అరవై వేల మంది తవ్వారు. ఒక్కడి పేరూ మనకు తెలియదు. సగరుడి ఇంకో భార్య కొడుక్కి మాత్రం పేరుంది, అసమంజసుడు. ఆయన పలుగు పట్టలేదు. ఊరి పిల్లలను ఎత్తి సరయూ నదిలో పడేసేవాడు. ‘అసమంజసం’ అని ఇవాళ మనం వాడుకునే మాట పక్కన ఆ పేరు పెట్టి చూడండి. పని చేసినవాళ్ళు లెక్కలోకి పోయారు, చెడగొట్టినవాడు పేరుతో మిగిలాడు. తరవాత అసమంజసుడి కొడుకు అంశుమంతుడు, ఆయన కొడుకు దిలీపుడు, ఆయన కొడుకు భగీరథుడు. గంగను కొండ మీంచి కిందికి దింపి, తాతల బూడిద దాకా నడిపించినవాడు భగీరథుడు. గంగ భాగీరథి అయింది. ఇక్కడా అదే వ్యాకరణం. తవ్వినవాళ్ళు సముద్రానికి పేరిచ్చారు, దారి చూపినవాడు నదికి పేరిచ్చాడు. ఒకరిది సామూహిక నామం, ఒకరిది సొంత పేరు. కూలికీ ఇంజనీరుకూ మధ్య తేడా పురాణం నాటికే తేలిపోయింది.

తెలుగు నేల మీద చెరువుకు సాగరమనే పేరు నిజాం కాలంలో వచ్చిందని కొందరు అనుకుంటారు. సరికాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో కట్టించినప్పుడు దానికి పెట్టిన పేరు అనంతరాజసాగరం. ఆ శాసనంలో చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. పనిలో నేర్పరులైన జనం ఉండాలన్నది ఆ పన్నెండింటిలో ఒకటి. ఇంకో సంగతి కూడా రాశారు: రోజూ వెయ్యి మంది మనుషులు, రాతి పనికి వంద బండ్లు, రెండేళ్ళ కాలం. వెయ్యి మందిని లెక్కపెట్టి రాతి మీద చెక్కించిన శాసనం అరుదు. అయినా అక్కడా పేర్లు లేవు, అరవై వేల మంది సగరపుత్రులకు లేనట్టే.

అంతకు ముందు నుంచీ మన దగ్గర పెద్ద చెరువుకు వాడుక పేరు సముద్రం. సముద్రమంటే నీళ్ళు ఒకచోట కూడినది. ఆ మాటలో మనుషులెవరూ లేరు. వనపర్తి సంస్థానం చెరువులను సప్తసముద్రాలంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి ఒడ్డునున్నది రంగసముద్రం. అదీ, శంకరసముద్రమూ ఇవాళ భీమా ఎత్తిపోతలలో జలాశయాలు. నాగర్‌కర్నూలు ఊరికి కేసరిసముద్రం, సింగోటం నరసింహస్వామికి శ్రీవారిసముద్రం. చుట్టూ చెలకలు, రాళ్ళగుట్టలు, వానకు ఎదురుచూపులు ఉన్నచోట చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టుకున్నవాళ్ళ గుండె ధైర్యానికి దండం పెట్టాలి. తరవాత కుతుబ్‌షాహీల నాటికి హిందుస్తానీ నాలుక మీంచి చివరి సున్నా రాలిపోయి ‘సాగర్’ వచ్చింది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు హుస్సేన్‌సాగర్. పని నడిపించినాయన హుస్సేన్ షా వలీ. రాజు తన పేరు పెట్టించుకుందామనుకున్నా జనం నోట హుస్సేన్‌సాగరే నిలిచిందని చెప్పుకుంటారు. అలీ నవాజ్ జంగ్‌కూ ఆ అదృష్టం ఒక మూల దక్కింది. నిజామాబాదు దగ్గరి అలీసాగర్ ఆయన పేరు మీదిదే. పెద్దవి మూడూ దొరలకు పోగా, చిన్నది ఇంజనీరుకు మిగిలింది.

మన వైపు ఈ మాటకు మంచి ఉదాహరణ సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద తలపెట్టిన ప్రాజెక్టు. 1949లో అప్పటి మిలిటరీ గవర్నర్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి శంకుస్థాపన చేశారు, 1959లో పూర్తయింది. దాని విశేషం సైఫన్లు. గేట్లెత్తడానికి మనిషి అక్కర్లేదు. నీళ్ళు నిండు మట్టానికి చేరగానే సైఫను గొట్టంలో గాలి బయటికి పోయి, లోపల నీళ్ళు గుంజుకుని తమంతట తామే కిందికి దుంకుతాయి. మట్టం తగ్గగానే గాలి లోపలికి చొరబడి ఆ గుంజుడు ఆగిపోతుంది. అరవై ఏళ్ళు బాగా నడిచింది. 2019 డిసెంబరు 31న కట్ట తెగింది. తెగింది సైఫను కాదు, మట్టికట్ట. మళ్ళీ కట్టడానికి మళ్ళీ మట్టిపని మనుషులే కావాల్సి వచ్చింది, ఈసారి పొక్లెయిన్లతో.

సరళాసాగర్ ఎవరు కట్టిండ్రని మదనాపురం వైపు అడిగితే ‘రాజా కట్టిచ్చిండు’ అంటారు. ఈ ‘ఇంచు’ దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు క్రియలో ఇంత నిజాయితీ గల ప్రత్యయం ఇంకోటి లేదు. కట్టు, కట్టించు. తవ్వు, తవ్వించు. మొయ్యి, మోయించు. ‘ఇంచు’ చేర్చినప్పుడల్లా పనిచేసినవాళ్ళు వేరే ఉన్నారని వాక్యం ఒప్పుకుంటుంది. వాళ్ళ పేరు చెప్పదు, కానీ ఉన్నారని దాచదు. మన మాండలికంలో అది ‘కట్టిచ్చిండు’ అయ్యేసరికి, ‘కట్టి ఇచ్చిండు’ అన్నట్టూ వినిపిస్తుంది. తనే కట్టి మనకు దానమిచ్చినట్టు. నోటి అలసట కూడా దొర వైపే మొగ్గింది చూడండి.

శాసనాలు ఈ తేడాను పాటించాయి. అలంపురంలో 713 నాటి శాసనం ఉంది. చాళుక్య విజయాదిత్యుడి ఆజ్ఞతో ఈశానాచార్యుడు ప్రాకారం కట్టించిన సంగతి అందులో ఉంది. ఆజ్ఞ ఒకరిది, కట్టించడం ఒకరిది, కట్టడం ఇంకొకరిది. మూడు అంచెల్లో రెండింటికి పేర్లున్నాయి. పోటీ పరీక్షల పుస్తకాలు ఆ మాత్రం కూడా ఉంచలేదు. గద్వాల కోట ఎవరు కట్టారు? సోమనాద్రి. చార్మినార్ ఎవరు కట్టారు? కులీ కుతుబ్‌షా. ‘ఇంచు’ను మింగేసి, రాజుల చేతికి తాపీ ఇచ్చేశాం. గద్వాల, విద్వద్గద్వాల అని పేరు మోసిన సంస్థానం. కవులను పిలిచి సంభావనలిచ్చి పంపింది. పద్యం కట్టినవాళ్ళ పేర్లు గ్రంథాల్లో దొరుకుతాయి. కోటగోడ కట్టినవాళ్ళవి అంత తేలిగ్గా దొరకవు.

పేర్లు పోయినా పని ఎక్కడో అంటుకుని ఉంటుంది. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసిన బండ్లు తుంగభద్ర ఒడ్డున ఆగి, ఇరుసులకు కందెన పూసుకుని ఏరు దాటేవనీ, ఆ ఆగిన చోటు కందెనవోలు అయిందనీ కర్నూలు గురించి జనం చెబుతారు. వోలు అంటే ప్రోలు, ఊరు. నాగర్‌కర్నూలుకూ ఆ కందెన కథే అంటగడతారు కొందరు. నాగన, కందన అనే అన్నదమ్ముల పేర్లు చెప్పేవాళ్ళూ ఉన్నారు. భాషాశాస్త్రం ముందు ఈ కథలు నిలుస్తాయని నేను పూచీ పడను. కానీ తొమ్మిది బ్రహ్మల గుళ్ళను రససిద్ధుడు పరుసవేదితో కట్టించాడని ఒక కథ చెప్పుకున్న జనమే, బండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు నుంచి ఊరి పేరు పుట్టించారు.

ఇప్పుడు ఇంకో జయంతి. వైశాఖ శుద్ధ సప్తమి నాడు సగర సంఘాలు భగీరథ జయంతి జరుపుకుంటాయి. ఫ్లెక్సీలు, ఊరేగింపులు, అన్నదానం, నాయకుల రాక, అన్నీ ఉంటాయి. ఇంజనీర్ల దినోత్సవం ఆఫీసు పండగ. ఇది వాడల పండగ. సగరులమని చెప్పుకునేవాళ్ళను ఊళ్ళో ఉప్పరోళ్ళంటారు. వెనుకబడిన కులాల జాబితాలో ‘ఉప్పర లేదా సగర’ అని రెండు పేర్లూ పడ్డాయి. ఉప్పర అన్న మాటలో ఉప్పుంది. చవుడు మట్టి నుంచి ఉప్పు తీసిన పాత వృత్తి జాడ అది. చెరువులు తవ్వడం, కట్టలు పోయడం, ఇండ్లు కట్టడం తరవాతి బతుకు. ఒడ్డెలదీ ఇలాంటి దారే. వాళ్ళలో రాతిపనివాళ్ళు, మట్టిపనివాళ్ళు వేరువేరుగా ఉండేవారు. ఊరు తమకు పెట్టిన పేరు పక్కన పెట్టి, సముద్రం తవ్వినవాళ్ళ పేరు తమకు తాము పెట్టుకోవడం కంటే మంచి పదచర్చ నేను చూడలేదు. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే సాగరాన్ని విడదీసి, అందులోంచి తమ వాటా తీసుకున్నారు.

అయితే వాళ్ళు కూడా దండ వేస్తున్నది భగీరథుడికే. అరవై వేల మందికి జయంతి లేదు. పటం గీయడానికి మొహాలు లేవు కదా. ఒక వైపు నవాబు గారి పటం, ఇంకో వైపు భగీరథ మహర్షి పటం. రెండు పండగల్లోనూ దారి చూపినవాళ్ళకే పూజ. ఆఫీసులో జరిగేదాన్ని తప్పుపట్టడం తేలిక. తవ్వినవాళ్ళ మనవళ్ళే అలా చేస్తున్నప్పుడు ఆ తప్పు ఎవరి మీదా వేయలేం. తెలంగాణలో ఇంటింటికి నల్లా నీళ్ళిచ్చే పథకానికి కూడా మిషన్ భగీరథ అనే పేరు పెట్టారు. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి ఈ జిల్లాలకు వచ్చే నీళ్ళు ఆ పేరు మీదే వస్తాయి. మిషన్ సగర అని ఎవరికీ తోచలేదు.

పాలమూరులో ఈ ముచ్చట మాట్లాడటం మరీ చేదు. దేశంలో పాలమూరు లేబర్ చెయ్యి పడని డ్యాము లేదంటారు. గుంపుమేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను, పిల్లలను లారీలో ఎక్కించుకుని పోయేవాడు. ఎక్కడి నదుల మీదనో కట్టలు పోసి వచ్చేసరికి ఇంటి దగ్గర కుంట ఎండిపోయి ఉండేది. ‘పాలమూరు లేబర్’ అన్నది ఒక బ్రాండు పేరయింది. సగరపుత్రుల్లాగే సామూహిక నామం. తవ్విన లోతు కొలవడానికి గుంత మధ్యలో మట్టిదిమ్మలు వదిలేవాళ్ళు. కొలత పుస్తకంలో ఎక్కింది ఆ దిమ్మల ఎత్తే. తట్ట మోసిన మనిషి ఎక్కలేదు.

ఆ లేబరు ఇండ్లకు ఆలస్యంగానైనా నీళ్ళు వస్తున్నాయి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి. వాటికి పెట్టిన పేర్లలో ప్రియదర్శిని, రాజీవ్, మహాత్మాగాంధీ ఉన్నాయి. పాలమూరు-రంగారెడ్డి జలాశయాల్లో నార్లాపూర్ అంజనగిరి అయింది, ఏదుల వీరాంజనేయ అయింది, వట్టెం వెంకటాద్రి అయింది. నాయకులయ్యారు, దేవుళ్ళయ్యారు. వాళ్ళ మీద నాకు పేచీ లేదు. నా పేచీ ఒక్కటే: ఇంత పెద్ద పనుల్లో ఒక్క పంపుహౌసుకైనా, కనీసం ఒక తూముకైనా, పని చేసిన మనిషి పేరు పెట్టడానికి మనకు నోరు రాలేదు. హుస్సేన్‌సాగర్ విషయంలో కుతుబ్‌షాహీల నాటి జనానికి వచ్చిన తెగువ, ఓట్లు వేసే మనకు రాలేదు. ‘రూపశిల్పి’ అనే మాట నాకు నచ్చకపోవడానికి కారణం అదే. అది కట్టడాన్ని ఒక్క మనిషి మెదడులో పెట్టి తాళం వేస్తుంది. ‘సాగరం’ అలా చెయ్యదు. అలీ నవాజ్ జంగ్‌ను పొగడాలంటే ఇంజనీరంటే చాలు. అది మన ఊళ్ళల్లో ముసలమ్మలకూ అర్థమయ్యే తెలుగు మాటే ఇప్పుడు.

అందుకని మూడు జిల్లాల ఇంజనీర్లకూ, సగర సంఘాలకూ, ఒడ్డెర సంఘాలకూ ఒక విన్నపం. సరళాసాగర్ మట్టి మోసినవాళ్ళలో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళకు తొంభై చేరువై ఉంటుంది. జూరాలలో పని చేసినవాళ్ళకు అరవై, డెబ్బై. వచ్చే వైశాఖ సప్తమికీ, వచ్చే జులై 11కూ ముందే వాళ్ళ ఇండ్లకు పొండి. పేరు, ఊరు, ఏ మేస్త్రి గుంపు, ఏ కట్ట మీద పని, కూలి ఎంత, ఇవి రాసుకోండి. కట్ట పనిలో వాళ్ళు వాడిన మాటలు కూడా రాసుకోండి, నిఘంటువుల్లో లేనివి చాలా దొరుకుతాయి. ఆ పేర్లను ఫ్లెక్సీ మీద నవాబు గారి పటం పక్కన వేయించండి. ఫ్లెక్సీ చాలకపోతే ఇంకోటి కొట్టించండి, పెద్ద ఖర్చు కాదు.